లోపలి బాకీ

రోహిణి, చివరి రోజు

పొద్దున ప్రార్థన అయ్యాక విత్తనం వేరుశనగ కాయలు ఒలవడానికి కూర్చున్నాను. నిండు గింజ చేటలోకి, మచ్చ పడిన గింజ పక్కకు. చేట సగం నిండేసరికి గట్టు మీది చెవి పలికింది.

మా ఇల్లు చేనులోనే. చెవి అంటే వానను అప్పిచ్చే నిధి వాళ్ళు ప్రతి చేని గట్టునా నాటిన గుంజ. మోకాలెత్తు ఉంటుంది. మట్టిలో తడి చూస్తుంది, పైరు చూస్తుంది, మా మాటలు వింటుంది. చూసిందీ విన్నదీ నిధికి చెబుతుంది. దాన్నిబట్టి నిధి మాకు పదును, అంటే విత్తడానికి చాలినంత తడి, అప్పు ఇస్తుంది. కార్తె వచ్చినప్పుడు మబ్బును తోలుకొచ్చి, అప్పు ఇచ్చిన చేని మీద మాత్రమే కురిపిస్తుంది. మేము కోతలప్పుడు పంటలో పాలు కొలిచి తీరుస్తాం.

చెవి ఇలా చెప్పింది.

“గుండ్రాళ్ళ చేను. ఓబుళమ్మ, తమ్ముడు తిక్కస్వామి, చెల్లెలు సుంకులమ్మ. ఈ ఆరుద్రకు పదును ఆపడమైనది. కారణాలు రెండు. పలువురి దగ్గర బాకీలు. తీర్చలేనని స్వయంగా ఒప్పుకోలు.”

మిగిలిన కాయలు ఒలిచాను.

తిక్కస్వామి కుంటుకుంటూ వచ్చాడు. దారిలోనే విన్నట్టున్నాడు.

“ఎవరి కాడ చేసినావక్కా అప్పు?”

“ఎవరి కాడా లేదబ్బీ.”

“లేకుంటే చెవి అబద్ధం చెప్తాదా?”

“అబద్ధం చెప్పదు. వినింది చెప్తాది. ఏం వినిందో కనుక్కోవల్ల.”

సుంకులమ్మ నా పక్కన కూర్చుని, నేను పక్కన పెట్టిన మచ్చ గింజల్ని మళ్ళీ ఏరింది. ఏరుతూనే నెమ్మదిగా అంది.

“మాకు తెలీకుండా ఏమన్నా చేసింటే చెప్పు పెద్దక్కా. కోపం చేసుకోము.”

“చేసింటే చెప్పేదాన్ని.”

పోయినేడు తమ్ముడి కాలు విరిగి మా చేను విత్తలేదు. వరసగా రెండేళ్ళు విత్తని చేనును బీడు కింద రాస్తారు. బీడు కింద రాసిన చేను పెద్ద సేద్యం వాళ్ళకు పోతుంది. అంటే ఈ ఆరుద్ర పునర్వసుల్లో మా చేను తడవాలి. తడవకపోతే ఇది మాది కాదు. నాన్న పోయాక ఈ ఇద్దరినీ ఈ చేను మీదే పెంచాను.

పదును ఆగినవాళ్ళు ఏ రోజు ఏం చేసిందీ సొంత మాటల్లో రాసి పెట్టాలని నిధి నియమం. చెవికి అందని దాన్ని మనుషులు చదువుతారట. అందుకని ఇది మొదలుపెట్టాను.

మృగశిర, మొదటి రోజు

పక్క గట్టు మాబున్ని చేనికి వెళ్ళాము. దిబ్బెరువు చల్లే పని. మాది ఆడవాళ్ళ జట్టు. ఒకరోజు అందరం ఒకరి చేనికి, ఇంకొకరోజు అందరం ఇంకొకరి చేనికి. కూలి ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. దీన్ని మేము బదులు అంటాం. మా అమ్మ కాలంలోనూ ఇదే మాట.

మధ్యాహ్నం సద్దరొట్టెలు తిన్నాక సుంకులమ్మ నిధి వాళ్ళిచ్చిన పలక తీసి, అందులోకి వాళ్ళు పంపిన వివరం చదివింది.

“ఋణదాత మాబున్ని. బాకీలు రెండు. ఋణదాత జయంతి. బాకీ ఒకటి.”

మాబున్ని నోట్లో వక్క ఆగిపోయింది.

“నేనెప్పుడిచ్చినా మ్మే నీకు అప్పు? ఇచ్చింటే మా ఆయన నన్ను బతకనిచ్చునా?”

“నాకూ అదే అర్థం కాలేదు,” అన్నాను.

జయంతి మా అందరిలోకి చిన్నది. నోరు పదును. పొయ్యి ముందు కూర్చున్నా ఊరి సంగతులన్నీ దాని దగ్గరే ఉంటాయి.

“నువ్వే కద వదినా,” అంది మాబున్నితో. “మొన్న గట్టు మీద నిలబడి ఊరంతా వినపడేట్టు అరిచినావు. ఓబుళమ్మక్క నాకు రెండు బదుళ్ళు ఉంది, కలుపుకు పిలుస్తా అని.”

“ఆ బదులా?”

“చెవికి ఏ బదులని తెలుస్తాది? పట్నంలో బదులంటే అప్పే. చేబదులు. దీనికి మాట నేర్పినోళ్ళు పట్నమోళ్ళు.”

మాబున్ని తన గట్టు మీది గుంజ వైపు తిరిగి కాసేపు చూసింది.

“అన్నీ వింటాది, ఒక్క ముక్క ఎక్కదు. అచ్చం మా ఆయనే. నా గట్టున గుంజ నాటినారా, రెండో సంబంధం చేసినారా?”

అందరం నవ్వాము. నవ్వుతూనే సుంకులమ్మ కింది వరస చదివింది.

“ఋణదాత స్వామి. ఇంటిపేరు తెలియదు. చిరునామా తెలియదు. బాకీ ఎంతో తెలియదు. తీర్చుకోలేనని ప్రతి ఉదయం ఒప్పుకోలు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను పొద్దున్నే తూర్పుకు తిరిగి అనే మాట అది. స్వామీ, నీ ఋణం తీర్చుకోలేను. మా అమ్మ అనేది, నేనూ అంటాను. ఇంకేమీ అడగను.

“దేవుడి కాడ అప్పు చేసినావు గదక్కా,” అంది జయంతి మెల్లగా. “మా కాడ చేసినదైతే ఎట్లనో సర్దుకుందుము.”

మృగశిర, శుక్రవారం

ఈ రోజు జయంతి చేని పని. మాట్లాడితే చెవి ఇంకేమి రాసుకుంటుందోనని జట్టంతా నోరు కట్టేసుకుని పనిచేద్దామనుకున్నారు. రాళ్ళు ఏరే పని. ఇలాంటి పనికి మాట కావాలి. మాట ఉంటే వరస కలుస్తుంది. లేకపోయేసరికి ఒకరు ముందుకు పోయారు, ఒకరు వెనకబడ్డారు, ఇద్దరు ఒకే రాయికి వంగి తలలు కొట్టుకున్నారు.

మాబున్ని నీళ్ళు కావాలని చేత్తో చూపించింది. సుంకులమ్మ తట్ట తెచ్చి ఇచ్చింది. మళ్ళీ చూపించింది. చెల్లెలు ఈసారి పార తెచ్చింది.

“నీళ్ళే తల్లీ, నీళ్ళు,” అంది మాబున్ని. “దాహంతో చచ్చేకంటే అప్పుతో చచ్చేది మేలు.”

అంతటితో మౌనం అయిపోయింది. పని కూడా సాగింది.

మృగశిర, చివర

నిధి నుంచి సంహిత వచ్చింది. చిన్న వయసు. కృష్ణా వైపు మనిషి, మాట తీరులో తెలుస్తుంది. చెప్పులు గట్టు దగ్గరే విడిచి చేనులోకి నడిచి వచ్చింది. అది నాకు నచ్చింది.

“నేను మార్చలేనమ్మా,” అంది. “చెవి రాసినదాన్ని చెవే కొట్టెయ్యాలి. మనిషి చెయ్యి పెట్టనివ్వరు.”

“మంచిదే కదా పాపా.”

“మంచిదంటారా? మీకే కదా నష్టం?”

“మా నాయన అప్పు కోసం పెద్దరైతు గడప కాడ నిలబడేవాడు. ఆయన మొహం చూసి ఇచ్చేది, మొహం చూసి లేదనేది. గుంజ మొహం చూడదు.”

సంహిత గట్టు మీద కూర్చుంది. తర్వాత చెప్పింది. దారి ఒకటే. చెవి ముందు నిలబడి నేనే నా నోటితో ఒక్క మాట అనాలి. నేను ఎవరికీ ఋణపడి లేను అని. అలా అంటే బాకీలన్నీ రద్దవుతాయి. ఆరుద్రకు పదును వస్తుంది.

“ఇంతేనా?” అన్నాడు తిక్కస్వామి. “అనెయ్ అక్కా.”

చెవి దగ్గరకు వెళ్ళాను. జట్టువాళ్ళు గట్టు అవతల నిలబడ్డారు. తమ్ముడి కాలు విరిగినప్పుడు వాళ్ళలో ప్రతి ఒక్కరూ మా ఇంటికి సంగటి మోసినవాళ్ళే.

“చెప్పెయ్ మ్మే,” అంది మాబున్ని. “మేమేమీ అనుకోము.”

ఆమె చేతులకు మట్టి లేదు. అయినా కొంగుతో తుడుచుకుంటోంది.

మాట రాలేదు అనను. వచ్చేదే. నేనే నోరు తెరవలేదు.

“ఇది నేను అనలేను పాపా,” అన్నాను సంహితతో. “మా వైపు ఆ మాట తెగదెంపులప్పుడు అంటారు. నీకూ నాకూ ఏం లేదు పో అని.”

సంహిత వెళ్ళిపోయాక తిక్కస్వామి నా ఎదురుగా కూర్చున్నాడు.

“దేవుడికి తెలీదా, నువ్వు ఉత్తుత్తికే అన్నావని?”

“తెలుసు. అందుకే అనను.”

“చేను పోతాది అక్కా.”

“పోదు.”

“ఎట్ల చెప్తాండావు?”

“ఆరుద్ర అయినాక పునర్వసు ఉంది కదబ్బీ.”

వాడు విసురుగా లేచి పోయాడు. వాడి కోపం న్యాయమే. వాడి పాలూ ఈ చేనులోనే ఉంది.

ఆరుద్ర, సోమవారం

మబ్బు వచ్చింది.

పడమటి గుట్ట మీదుగా తోలుకొచ్చారు. బూడిద రంగు, కడుపు కిందికి జారి ఉంది. ముందు జయంతి చేని మీద ఆగి కురిసింది. తర్వాత మాబున్ని చేను. మాబున్ని చేనికీ మా చేనికీ నడుమ ఒక్క గట్టు. వాన గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. చీరంచు కత్తిరించినట్టుగా ఉంది. అటువైపు సాళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి, ఇటు మా మన్ను తెల్లగా ఎండి ఉంది.

గట్టు మీద నిలబడి ఒక చెయ్యి అటు చాచాను. మోచేతి దాకా తడిసింది.

మాబున్ని తన చేని మధ్యలో నెత్తిన గోనె కప్పుకుని నిలబడి ఉంది. వాన పడుతున్నప్పుడు రైతు మొహం ఎలా ఉండాలో అలా లేదు.

“నా మీదనే పడుతుంటే సిగ్గుగా ఉంది మ్మే,” అంది.

“నీ వంతు. సిగ్గెందుకు. సాలు తెగుతాంది చూడు, మడవ కట్టుకో.”

నీళ్ళు తెగే చోట మట్టి వేసి మడవ నేనే కట్టి వచ్చాను. ఆమె మోకాళ్ళ నొప్పితో వంగలేదు.

మబ్బు ఊళ్ళో పునర్వసు మొదటి రోజుల దాకా ఉంటుంది. తర్వాత కిందూళ్ళకు తోలుకుపోతారు.

ఈ పొద్దు కూడా ప్రార్థనలో అదే మాట అన్నాను. చెవికి వినపడేట్టే అన్నాను.

ఆరుద్ర, గురువారం

దారి సుంకులమ్మకు తట్టింది. బియ్యం చెరుగుతూ ఉన్నట్టుండి చేట ఆపింది.

“పెద్దక్కా, నన్ను పెంచేదానికి నువ్వు పెట్టినదంతా నేను నీకు బాకీనే కదా?”

“ఇప్పుడెందుకే అది?”

“రోజూ అంటాంటా కదా, నీ ఋణం తీర్చుకోలేనక్కా అని. చెవి దాన్ని రాసుకోలేదు. ఎందుకు?”

నేనూ చెరగడం ఆపి చూశాను.

“మన ముగ్గురం ఒకే చేనికి పేర్లు,” అంది. “ఒకింట్లో వాళ్ళ బాకీ దానికి బాకీ కాదు.”

వెంటనే సంహితకు పలకలో చెప్పాము. ఆమె నిధి నియమాలు వెతికింది. తర్వాత, జట్టు పేరున అప్పు తీసుకునే వీలు ఒకటి ఉందనీ, చాలాకాలంగా ఎవరూ అడగలేదనీ చెప్పింది. జట్టంతా నిధికి ఒక్క మనిషి కింద లెక్క. లోపలి ఇచ్చిపుచ్చుకోళ్ళు దానికి పట్టవు.

“కానీ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి,” అంది. “ఒకరి పంట పోతే ఆ పాలు మిగతా అందరూ కొలవాలి. ఇంకొకటి, జట్టులో ప్రతి ఒక్కరికీ వంతు రావాలి, అంటే జట్టంతా ఒకరోజు వాళ్ళ చేనులో పనిచెయ్యాలి. ఎవరి వంతు ఎగ్గొట్టినా జట్టు రద్దు. చెవి చూస్తూ ఉంటుంది.”

మొదటి సంగతి విన్నాక తిక్కస్వామి తల దించుకున్నాడు. మా కోసం వాళ్ళెందుకు తల పెడతారని వాడి ఆలోచన. నాకూ అదే అనిపించింది. అయినా అడగకుండా వాళ్ళ తరఫున కాదనడం కూడా తప్పే.

ఆరుద్ర, శనివారం

మాబున్ని చప్పరం కింద అందరం కూర్చున్నాం. సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. మాబున్ని వెంటనే సరేనంది. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జయంతి చెంపకు చెయ్యి పెట్టుకుని అడిగింది.

“ఒక మాట అడుగుతా ఓబుళమ్మక్కా. తప్పు పట్టుకోవద్దు.”

“అడుగు.”

“నాకు ఉండేదే అరెకరం. నా పదును నాకు వచ్చేసింది. ఈ జట్టు కడితే నాకు వచ్చేది లేదు, పోయేది ఉంది. రేపు నీ చేను కాయకపోతే నేను కట్టల్ల. అవునా?”

“అవును.”

“ఏం జయంతీ, అట్లేనా మాట్లాడేది?” అంది మాబున్ని.

“అడగాల్సిన మాటే అడిగింది,” అన్నాను. “కాయకపోతే ముందు నా మేకలు పోతాయి. తర్వాత నా చేతులు ఉన్నాయి, ఏ పనికైనా పోతాను. అవీ సరిపోకపోతేనే నీ గడపకు వస్తారు. రారని మాత్రం నేను చెప్పను. నువ్వు వద్దంటే జట్టు లేదు. వద్దన్నందుకు నీ చేనికి రావడం నేను మానను.”

జయంతి గచ్చు గీకుతూ లెక్క వేసుకుంది.

“మేకలు ఎవరికి గావల్ల,” అంది చివరికి. “ఆకు కనపడితే నా పందిరి తినేస్తాయి. నీ చేతులైతే సరే. కోతల్లో నా పక్క సాలు ఎప్పుడూ నీదే. నువ్వు పక్కనుంటే నాకు నడుము నొప్పి తెలీదు.” పలక లాక్కుని వేలు పెట్టింది. “పెట్టినా. ఇంక కాయించు, చూస్తా.”

తర్వాత ఒకరి వెంట ఒకరు పెట్టారు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అలవాటుగా, మీ ఋణం తీర్చుకోలేను అనబోయాను.

“ఇప్పుడనుకో,” అంది మాబున్ని. “ఇంక ఎంతైనా అనుకో.”

ఆరుద్ర, చివరి రోజు

సంహిత జట్టు పేరు ఎక్కించడానికి వచ్చింది. మా బదుళ్ళన్నీ ఒకటొకటిగా చెవి కొట్టేసింది. అడుగున ఒకటి మిగిలింది.

“స్వామి,” అంది సంహిత. “ఆయన జట్టులో లేరు కదా. ఇది బయటి బాకీ.”

మాబున్ని వక్క నములుతూ అంది.

“అయితే ఆయన్నీ చేర్చు.”

సంహిత నవ్వింది. మేమెవరం నవ్వకపోయేసరికి ఆపింది.

“చేర్చాలంటే ఆయన మీ చేలల్లో చేసిన పని చెవి చూసి ఉండాలి, అమ్మా. పేరు ఊరికే ఎక్కదు.”

అంటూనే పలకలో వెతుకుతోంది. వేలు ఒకచోట నిలిచిపోయింది.

“ఏముంది?” అన్నాడు తిక్కస్వామి.

“ప్రతి చేని కింద ఒక వరస ఉంటుంది. నిధి ఇవ్వని తడి. మంచు, దారి తప్పిన జల్లులు. ఏడాదంతా కలిపితే తక్కువేం కాదు. ఇచ్చినవారు అన్న చోట ఖాళీ. చెవికి ఖాళీ పడదు. ఎవరిచ్చారు, ఎవరిచ్చారు అని ప్రతి నెలా అడుగుతుంది. మేం జవాబివ్వకుండా పక్కన పెట్టేస్తాం.”

“పాపం, తెలీక అడుగుతాంది,” అంది సుంకులమ్మ.

సంహిత తల ఎత్తి నా వైపు చూసింది.

“ఏ పేరు రాయమంటారు?”

నేను మాబున్ని వైపు చూశాను. జట్టులో ఆమె నమాజు మనిషి, నేను ఇలా. ఒక్కరి మాట ఇద్దరి మీద పెట్టకూడదు.

“మేము మాలిక్ అంటాము,” అంది మాబున్ని. “సొంతదారు అని.”

“స్వామి అన్నా అదే.”

“అయితే ఉండేదే ఉండనీ. మళ్ళా మార్చితే గుంజకు తిక్క లేస్తాది.”

సంహిత రాసింది. గట్టు మీది చెవి పలికింది.

“సభ్యుడు స్వామి. పని చూడడమైనది. బాకీ జట్టు లోపలిది. లెక్కలోకి రాదు. పదును మంజూరు.”

తిక్కస్వామి నేల మీద కూర్చుని కాలు చాపుకున్నాడు. సంహిత పలక మూసి, ఇక నేను రోజూ రాసి పెట్టనక్కర్లేదంది. అలవాటైంది. ఇంకొన్నాళ్ళు రాస్తాను.

సాయంత్రం తూర్పుకు తిరిగి అడిగాను. నీ పేరు రాయించాము, తప్పైతే చెప్పు అని. ఏమీ చెప్పలేదు. మనసు నిమ్మళంగానే ఉంది.

పునర్వసు, రెండో రోజు

మబ్బు గట్టు దాటింది.

మొదటి చినుకులకు మన్ను దుమ్ము లేపింది. తర్వాత వాసన. తర్వాత చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తిక్కస్వామి చేని నడుమ నిలబడ్డాడు. కాలు నొప్పి పుడుతుంది, లోపలికి రమ్మని పిలిచాను. వినపడనట్టు ఉండిపోయాడు. వినపడిందని నాకు తెలుసు.

పునర్వసు, ఆదివారం

విత్తాము. జట్టంతా వచ్చింది. తిక్కస్వామి సాళ్ళు తీస్తూ గొర్రు నడిపాడు. వెనక మేము వరసగా, ఒళ్ళో కట్టిన విత్తనంతో సాళ్ళలో గింజ వదులుతూ నడిచాము. పిడికిట్లోంచి గింజ జారేటప్పుడు ఒకటి వెంట ఒకటి పోవాలి, రెండు కలిసి పోకూడదు. సుంకులమ్మ చెయ్యి చిన్నప్పటి నుంచీ దూకుడు. నా సాలు వదిలి దాని పక్కన నడిచాను.

మాబున్ని, జయంతి దారంతా పోట్లాడుకున్నారు. ఎవరి సాలు వంకరో తేలలేదు.

పొద్దు వాలేసరికి ఆఖరి సాలు మూసుకుంది. మా చేను విత్తిన చేను. ఇక బీడు కింద రాయలేరు. తిక్కస్వామి గొర్రు విప్పి, నా దగ్గరకు వచ్చి, ఏదో అనబోయి, చేతిలో ఉన్న నాలుగు గింజలు నా చేతిలో పెట్టి వెళ్ళాడు.

చెవి పలికింది.

“సభ్యులందరి వంతులు అందినవి. ఒకటి తప్ప. సభ్యుడు స్వామి. ఆయన వంతు ఏ చేను?”

ఈ సంగతి మాకు తట్టలేదు. వంతు ఎగ్గొడితే జట్టు రద్దు. జట్టు రద్దయితే విత్తిన చేనికి మలి పదును రాదు.

“ఆయనకు చేను యాడిది?” అంది సుంకులమ్మ.

“అంతా ఆయనదే అంటారు కదా,” అంది జయంతి. “ఏదో ఒకటి చెప్పండి.”

“మనది చెప్తే మన వంతు రెండుసార్లు తిన్నట్టవుతాది,” అన్నాను. “మన జట్టులో లేని చేనికి పోదాము.”

ఊరి చివర లాలెప్ప చేను. ఆయన అందరితోనూ గట్టు తగాదా పెట్టుకున్న మనిషి. ఏ జట్టులోనూ లేడు. పోయినేడు విత్తలేదు, ఈ ఏడూ దున్నలేదు. ముళ్ళకంప నడుము ఎత్తు లేచింది. ఆ పేరు చెప్పగానే మాబున్ని రెండు చేతులూ పైకెత్తింది.

“ఆయన నన్నేమన్నాడో తెలుసా మ్మే నీకు, ఆ గట్టు కాడ?”

“తెలుసు. నన్నూ అన్నాడు.”

“ఇంక ఎవరూ దొరకలేదా స్వామికి?”

“ఎవరూ పోని చేను అదే కదా.”

మాబున్ని గొణుగుతూనే, రేపు పెద్ద కొడవలి తెస్తానంది.

పునర్వసు, సోమవారం

పొద్దున్నే వెళ్ళాం. లాలెప్ప ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని, మా కొడవళ్ళను చూసి లేచాడు.

“ఏమొచ్చినారు గుంపు కట్టుకోని?”

“కంప కొట్టేదానికి చిన్నాయనా,” అన్నాను.

“నేనెవరినీ బదులుకు పిలవలేదు. తిరిగి చేసే ఓపిక నాకు లేదు. పొండి.”

“నీకు గాదు లేప్పా,” అంది మాబున్ని. “మా జట్టులో ఒకాయన ఉండాడు. ఇది ఆయన వంతు. ఆయనకు చేను లేదు.”

“ఎవరాయన?”

“నీకు తెలిసినాయనే,” అంది జయంతి. “నువ్వు పోట్లాడంది ఆయనొక్కనితోనే అనుకుంటా.”

లాలెప్ప మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. కోపం వెతుక్కుంటున్నట్టు ఉంది.

“ఆయనకు నాతో ఏం పని?”

“మేము అడగలేదు,” అన్నాను. “వంతు వచ్చింది, వచ్చినాము.”

లాలెప్ప దారికి అడ్డం వేసిన కంపను కాలితో పక్కకు నెట్టి, చూరులోంచి పాత కొడవలి లాగాడు.

“ఆ మూల నుంచి పట్టండి,” అన్నాడు. “ఈ పక్క ముళ్ళు ఎక్కువ. ఇది నేను కొడతా.”